పాత పేజీలు, కొత్త తనిఖీ: ఇన్నోడీబీ చెక్‌సమ్‌ల చరిత్ర

మీరు ఎప్పుడైనా బ్యాంకు చెక్కు రాసి ఉంటే, ఒకే మొత్తాన్ని రెండుసార్లు రాసి ఉంటారు. ఒకసారి అంకెల్లో, మరోసారి అక్షరాల్లో. ఆ రెండూ ఒకదానితో ఒకటి సరిపోకపోతే బ్యాంకు సాధారణంగా చెక్కును తిప్పి పంపుతుంది. మీ ఆధార్ సంఖ్యలోనూ ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. అందులోని 12 అంకెల్లో చివరిది, ముందున్న పదకొండింటి నుంచి వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. ఎవరైనా ఒక అంకె తప్పు కొడితే లెక్క కుదరదు, కంప్యూటరు వెంటనే పట్టేస్తుంది.

డేటాబేస్ కూడా డిస్కు మీద రాసే ప్రతి పేజీకీ ఇలాంటి తనిఖీ సంఖ్యను జతచేస్తుంది. దీన్నే చెక్‌సమ్ అంటారు. పేజీని డిస్కుకు పంపేముందు అందులోని బైట్లన్నిటినీ ఒక సూత్రంలో వేసి వచ్చిన సంఖ్యను ఆ పేజీలోనే రాసిపెడుతుంది. తిరిగి చదివినప్పుడు అదే సూత్రంతో మళ్లీ లెక్క వేస్తుంది. రెండు సంఖ్యలూ ఒకటే అయితే పేజీ క్షేమం. కాకపోతే పేజీ చెడిపోయిందని ప్రకటించి, దాన్ని వాడడానికి నిరాకరిస్తుంది.

సూత్రం పాతబడితే మార్చుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కాగితం మీద అది ఒక్క రోజు పని. కానీ ప్రపంచంలో ఎక్కువమంది వాడే డేటాబేస్‌లలో ఒకటైన మైఎస్‌క్యూఎల్, దాని నుంచి 2009లో విడిపోయిన మారియాడీబీ, తమ ఇన్నోడీబీ భాగంలో 2003 నాటికే దిద్దుకున్న ఒక లోపం నీడ నుంచి బయటపడడానికి 2021 దాకా తంటాలు పడ్డాయి. ఆ పద్దెనిమిదేళ్ల ఆలస్యం ఎందుకు జరిగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

డిస్కును నమ్మవచ్చా?

డిస్కు తన సెక్టార్లను తానే తనిఖీ చేసుకుంటుంది, నెట్‌వర్కు తీగ తన పొట్లాలను తానే సరిచూసుకుంటుంది. మధ్యలో డేటాబేస్‌కు వేరే తనిఖీ దేనికి? ఈ ప్రశ్నకు సాల్ట్జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన వ్యాసంలో మంచి జవాబు ఉంది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో కొన్ని నెట్‌వర్కులను కలిపే ఒక గేట్‌వే కంప్యూటరు ఉండేది. తీగల మీద ప్రయాణించే ప్రతి పొట్లానికీ చెక్‌సమ్ ఉంది. అందుకని వాడేవారంతా ధీమాగా ఉన్నారు. కానీ ఆ గేట్‌వే తన జ్ఞాపకంలో ఒకచోటి నుంచి మరోచోటికి నకలు చేసేటప్పుడు దాదాపు పది లక్షల బైట్లకు ఒకసారి పక్కపక్కనున్న రెండు బైట్లను తారుమారు చేసేది. తీగ దాటగానే చెక్‌సమ్ పని అయిపోయింది, చెడిపోవడం ఆ తర్వాత జరిగింది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన మూల ఫైళ్లు ఆ దారిలో ఎన్నోసార్లు ప్రయాణించి పాడయ్యాయి. చివరికి వాటి యజమానులు పాత అచ్చు ప్రతులు ముందు పెట్టుకుని కంటితో పోల్చి దిద్దుకోవలసి వచ్చింది.

డిస్కుల విషయంలో ఇది ఊహాగానం కాదు. 2008లో లక్ష్మి ఎన్. బైరవసుందరం, సహ పరిశోధకులు 15 లక్షల 30 వేల డిస్కులను 41 నెలల పాటు గమనించిన ఫలితాలు ప్రచురించారు. ఆ కాలంలో 4 లక్షలకు పైగా చెక్‌సమ్ తేడాలు బయటపడ్డాయి. ఇవి డిస్కు ‘నేను చెడిపోయాను’ అని చెప్పిన సందర్భాలు కావు. డిస్కు అంతా బాగానే ఉందంటూ తప్పు బైట్లను అందించిన సందర్భాలు.

ఇలాంటి తప్పును డేటాబేస్ పట్టుకోకపోతే ఏమవుతుందో ఆలోచించండి. తప్పు పేజీ జ్ఞాపకంలోకి వస్తుంది, దాని మీద లావాదేవీలు నడుస్తాయి, అది మళ్లీ డిస్కుకు చేరుతుంది. ఆ రాత్రి తీసే బ్యాకప్‌లోకి కూడా అదే వెళుతుంది. నెల తర్వాత ఎవరో తమ ఖాతాలో తేడా ఉందని ఫిర్యాదు చేసేసరికి మంచి ప్రతి ఎక్కడా మిగలకపోవచ్చు. దీనికి ఎదురు వైపు ప్రమాదం కూడా ఉంది. తనిఖీ సూత్రాన్ని తొందరపడి మార్చేస్తే, నిక్షేపంగా ఉన్న పాత పేజీని ‘చెడిపోయింది’ అని డేటాబేస్ తిరస్కరిస్తుంది. అప్పుడు సమాచారం ఉండి కూడా లేనట్టే. మిగిలిన కథంతా ఈ రెండు భయాల మధ్య నడుస్తుంది.

కవరు చూసి ఉత్తరం వదిలేసిన సూత్రం

ఇన్నోడీబీని తయారుచేసినవారు ఫిన్లాండ్‌కు చెందిన హెయిక్కి టూరి. ఆయన సంస్థ పేరు ఇన్నోబేస్. దాన్ని 2005లో ఒరాకిల్ కొనుగోలు చేసింది. ఇన్నోడీబీలో పేజీ సాధారణ పరిమాణం 16 కిలోబైట్లు, అంటే 16,384 బైట్లు. మొదటి 38 బైట్లు శీర్షిక, చివరి 8 బైట్లు ముగింపు, మధ్యలో మీ అసలు సమాచారం.

మొట్టమొదటి రూపంలో చెక్‌సమ్ అనేదే లేదు. ప్రతి మార్పుకూ లాగ్‌లో ఒక వరుస సంఖ్య ఉంటుందని మీకు తెలుసు. ఆ సంఖ్యను పేజీ మొదట్లోనూ చివర్లోనూ రాసేవారు. పేజీ సగం రాసేసరికి కరెంటు పోతే మొదట కొత్త సంఖ్య, చివర పాత సంఖ్య మిగులుతాయి. అవి కలవకపోతే పేజీ చిరిగిపోయినట్టు లెక్క. ఇది తెలివైన ఉపాయమే. కానీ మధ్యలోని బైట్లు చెడితే దీనికి తెలియదు.

తర్వాత చెక్‌సమ్ వచ్చింది. అయితే అందులో ఒక లోపం దొర్లింది. 4.0.14, 4.1.1 కంటే ముందటి వెర్షన్లలో ఆ సూత్రం పేజీ మొత్తాన్ని కాకుండా మొదటి 26 బైట్లను మాత్రమే లెక్కలోకి తీసుకునేది. ఆ 26 బైట్లలో ఏముంటాయి? పేజీ సంఖ్య, ముందు వెనుక పేజీల సంఖ్యలు, లాగ్ వరుస సంఖ్య, పేజీ రకం వగైరా. మీ వరుసలు, మీ నిల్వలు, మీ పేర్లు ఒక్కటీ లేవు. పోస్టుమాను కవరు మీది చిరునామా సరిచూసి, లోపలి ఉత్తరం చెదలు తిన్నదో లేదో పట్టించుకోనట్టన్నమాట. పట్టించుకోకపోవడం పోస్టుమాను విషయంలో మర్యాద. చెక్‌సమ్ విషయంలో మాత్రం అది లోపం.

2003లో ఈ లోపాన్ని దిద్దారు. కొత్త సూత్రం పేజీలో దాదాపు అన్ని బైట్లనూ చూస్తుంది. మరి ఈ కొత్త సంఖ్యను ఎక్కడ రాయాలి? పేజీ మొదటి 4 బైట్లలో అంతకుముందు టేబుల్‌స్పేస్ సంఖ్య ఉండేది. అప్పట్లో అది ఎప్పుడూ సున్నాయే కాబట్టి ఆ చోటు వృథాగా పడి ఉంది. కొత్త చెక్‌సమ్‌ను అక్కడ పెట్టారు. పాత 26 బైట్ల చెక్‌సమ్‌ను మాత్రం తీసేయలేదు. పేజీ ముగింపులో దాని స్థానంలో దాన్ని యథాతథంగా రాస్తూ వచ్చారు. పైగా పాత సూత్రానికి ఆ మొదటి 4 బైట్లు కూడా ముడిసరుకే. అందువల్ల ముందు కొత్త చెక్‌సమ్ రాసి, ఆ తర్వాతే పాతది లెక్కించాలనే నియమం వచ్చింది. ఇన్నోడీబీ కోడులో ఈ క్రమాన్ని హెచ్చరిస్తూ ఒక వ్యాఖ్య చాలా ఏళ్లు కొనసాగింది.

ఇప్పుడు చదివేవైపు ఏం జరిగిందో జాగ్రత్తగా గమనించండి. డేటాబేస్ ఒక పేజీని తెరిచింది. అది కొత్త వెర్షన్ రాసిన పేజీ కావచ్చు, 2003కు ముందటిది కావచ్చు, చెక్‌సమ్ లేని ఆది రూపం కావచ్చు. ఏదన్నది పేజీలో రాసి లేదు. అందుకని ఇన్నోడీబీ అన్నిటినీ ఒప్పుకోవలసి వచ్చింది. మొదటి గడిలో సున్నా ఉంటే పాత పేజీ కాబోలనుకుని కొత్త సూత్రం పరీక్షను దాటవేస్తుంది. చివరి గడిలో 26 బైట్ల చెక్‌సమ్ ఉన్నా సరే, కేవలం లాగ్ వరుస సంఖ్య ఉన్నా సరే, అనుమతిస్తుంది. ఒక తాళానికి మూడు తాళంచెవులు పనిచేస్తాయన్నమాట.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పేజీ మధ్యలో ఒక వరుసలోని ఒక బైటు డిస్కు మీద మారిపోయింది అనుకోండి. ఆది రూపం, 26 బైట్ల సూత్రం, 2003 నాటి సూత్రం, ఈ మూడింటిలో ఏది దాన్ని పట్టుకుంటుంది? కారణంతో రాయండి.

వేగం తెచ్చిన మార్పు

2003 నాటి సూత్రం లోపం లేనిదే అయినా నెమ్మదైనది. బైటు తర్వాత బైటుగా, ఒక్కోదానికీ కొన్ని కూడికలూ బిట్ల జరుపుళ్లూ చేస్తూ పేజీ అంతా నడవాలి. డిస్కులు నెమ్మదిగా ఉన్నంతకాలం ఈ ఖర్చు ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాత అది పోటీ పరీక్షల్లో కనిపించసాగింది. చెక్‌సమ్‌ను పూర్తిగా ఆపేసే ఐచ్ఛికం మైఎస్‌క్యూఎల్ 5.0 నాటికే ఉంది. ఆపేసినప్పుడు చెక్‌సమ్ గడిలో ఎప్పుడూ ఒకే స్థిర సంఖ్యను రాస్తారు. ప్రోగ్రామర్లు సరదాగా ‘డెడ్‌బీఫ్’ అని పిలిచే పదహారు ఆధారపు సంఖ్య అది. ‘ఈ పేజీకి తనిఖీ లేదు’ అని దాని అర్థం. తాళంచెవుల గుత్తికి ఇంకొకటి చేరింది. వేగం కోసం తనిఖీనే వదులుకోవడం, బండి బరువు తగ్గించడానికి బ్రేకులు తీసేయడం లాంటిదని నా అభిప్రాయం. అయినా వాడినవారు ఉన్నారు.

అసలు పరిష్కారం వేరే దిక్కు నుంచి వచ్చింది. సీఆర్‌సీ అనే తనిఖీ పద్ధతిని డబ్ల్యూ. వెస్లీ పీటర్సన్ 1961లో ప్రతిపాదించారు. బైట్ల వరుసను ఒక పెద్ద బహుపదిగా భావించి, నిర్ణీతమైన మరో బహుపదితో భాగించి, వచ్చే శేషాన్ని తనిఖీ సంఖ్యగా తీసుకోవడం దాని సారం. ఏ బహుపదితో భాగిస్తామన్నదాని మీద పట్టుబడే తప్పుల రకాలు ఆధారపడతాయి. 1993లో కాస్టాన్యోలి, సహ రచయితలు ఎంచి చూపిన ఒక బహుపదితో వచ్చేదే సీఆర్‌సీ-32సీ. 2008లో ఇంటెల్ తన నెహాలెమ్ ప్రాసెసర్లలో దీన్ని లెక్కించడానికి ప్రత్యేక ఆదేశాన్నే చేర్చింది. ఒకే ఆదేశంతో 8 బైట్లు మింగేస్తుంది. చెక్‌సమ్ ఖర్చు ఒక్కసారిగా దిగిపోయింది.

మైఎస్‌క్యూఎల్ 5.6లో ఇన్నోడీబీ ఈ అవకాశాన్ని అందుకుంది. చెక్‌సమ్ పద్ధతిని ఎంచుకునే ఒక అమరికను తెచ్చింది. అందులో ముఖ్యమైన విలువలు మూడు: పాత సూత్రానికి ‘ఇన్నోడీబీ’, కొత్తదానికి ‘సీఆర్‌సీ32’, తనిఖీ వద్దనుకునేవారికి ‘నన్’. ఒక్కోదానికీ ‘స్ట్రిక్ట్’ రూపం కూడా ఉంది. మామూలు రూపంలో రాయడం ఎంచుకున్న పద్ధతిలో, చదవడం మాత్రం ఏ పద్ధతిలో ఉన్నా సరే. స్ట్రిక్ట్ రూపంలో రాయడం, చదవడం రెండూ ఎంచుకున్న పద్ధతిలోనే.

ఇక్కడ ఒక వెనుకడుగు పడింది. 2012లో విడుదలైన 5.6.6లో సీఆర్‌సీ32ను డిఫాల్ట్ చేశారు. అదే ఏడాది వచ్చిన 5.6.7లో మళ్లీ పాత సూత్రానికి తిరిగి వెళ్లారు. ఎందుకు? కొత్త వెర్షన్‌కు మారి, నచ్చక, తిరిగి 5.5కు వెళ్లాలనుకునేవారి సంగతి ఆలోచించండి. 5.5కు సీఆర్‌సీ32 తెలియదు. కొత్తగా రాసిన ప్రతి పేజీ దానికి చెడిపోయినదిగానే కనిపిస్తుంది. బ్యాకప్ సాధనంతో పొత్తు కూడా ఆ నిర్ణయానికి మరో కారణం. కొందరు దీన్ని పిరికితనంగా చూస్తారు. నేను అలా అనుకోను. ఇల్లు మారేవాడు పాత ఇంటి తాళంచెవి కొన్నాళ్లు దగ్గర ఉంచుకోవడంలో తప్పు లేదు. చివరకు 5.7.7తో సీఆర్‌సీ32 స్థిరంగా డిఫాల్ట్ అయింది, 2015లో వచ్చిన 5.7 తుది రూపం దానితోనే వెలువడింది. మారియాడీబీలో ఆ మార్పు 10.2తో వచ్చింది.

సీఆర్‌సీ32తో కథ ముగియలేదు. కొన్ని ప్రాసెసర్లు సంఖ్యలోని పెద్ద విలువ గల బైటును ముందు రాస్తాయి, కొన్ని చివర రాస్తాయి. మొదటి రకం యంత్రాల మీద ఇన్నోడీబీ సీఆర్‌సీ లెక్క వేరుగా వస్తోందని తర్వాత తెలిసింది. దిద్దారు. కానీ అప్పటికే అలా రాసిన పేజీలు ఉన్నాయి కదా! వాటి కోసం ఆ తప్పు విలువను కూడా ఒప్పుకునే వెసులుబాటు పెట్టారు. మారియాడీబీ తర్వాత ఆ వెసులుబాటును డిఫాల్ట్‌గా ఆపేసింది.

ఇప్పుడు ఈ వెసులుబాట్లన్నిటినీ కలిపి చూడండి. 32 బిట్ల చెక్‌సమ్‌ను ఒక గుడ్డి తప్పు యాదృచ్ఛికంగా దాటిపోయే అవకాశం దాదాపు 429 కోట్లలో ఒకటి. ఒప్పుకునే విలువలు పెరిగినకొద్దీ ఆ అవకాశమూ పెరుగుతుంది. పాత పేజీలకు ఇచ్చిన మినహాయింపు వాటి దగ్గరే ఆగదు. నిన్న రాసిన పేజీ కూడా అదే ద్వారం గుండా లోపలికి వస్తుంది, దానికీ అవే తాళంచెవులు పనిచేస్తాయి. పాత రూపాలను ఉపసంహరించాలని కోరినవారి అసలు వాదన ఇదే. పాత సూత్రం నెమ్మదైనదన్నది చిన్న విషయం. దాన్ని ఇంకా గుర్తించడం వల్ల కొత్త సూత్రం బలం కూడా తగ్గుతోందన్నది పెద్ద విషయం.

ఫైలు తన పేరు తానే చెప్పుకోవడం

జబ్బు మూలం ఎక్కడుందో మీరు ఈపాటికి గుర్తించి ఉంటారు. ఏ సూత్రంతో తనిఖీ చేయాలో ఫైలులో ఎక్కడా రాసి లేదు. అందుకే ప్రతిసారీ ఊహించాలి, ఊహించాలంటే అన్నీ ఒప్పుకోవాలి.

మారియాడీబీ 10.4 (2019) ఈ మూలం మీదే చేయి వేసింది. ‘ఫుల్ సీఆర్‌సీ32’ అనే కొత్త రూపాన్ని తెచ్చింది. ఇందులో ఫైలు మొదటి పేజీలోని సూచక బిట్లే ఈ ఫైలు ఫుల్ సీఆర్‌సీ32 రూపంలో ఉందని చెబుతాయి. అలాంటి ఫైలు తెరిచాక ఇక ఊహ లేదు. ఒకే సూత్రం, ఒకే విలువ.

రెండో మార్పు పేరులోనే ఉంది. అంతకుముందు సీఆర్‌సీ32 పేజీని రెండు ముక్కలుగా లెక్కించి, ఆ రెండు ఫలితాలనూ కలిపేది. మధ్యలో 26వ బైటు స్థానం నుంచి 12 బైట్లను వదిలేసేది. ఎందుకంటే పాతకాలంలో ఆ చోటులోని కొన్ని వివరాలను ఇన్నోడీబీ పేజీల మామూలు దారిలో కాక నేరుగా ఫైలులోకి రాసేది. వాటిని లెక్కలో చేర్చితే చెక్‌సమ్ కుదిరేది కాదు. ఆ కారణం ఎప్పుడో పోయింది, కానీ ఖాళీ మిగిలిపోయింది. ఆ 12 బైట్లలో చివరి నాలుగు, పేజీ ఏ టేబుల్‌స్పేస్‌కు చెందినదో చెప్పేవి. అంటే పేజీ ఇంటిపేరు లాంటిదే తనిఖీకి బయట ఉండిపోయింది! ఫుల్ సీఆర్‌సీ32లో చెక్‌సమ్‌ను పేజీ చివరి 4 బైట్లలో పెట్టి, దానికి ముందున్న ప్రతి బైటునూ ఒకే వరుసలో లెక్కిస్తారు. మినహాయింపులు లేవు. రెండు ముక్కల గొడవ లేకపోవడంతో వేగం కూడా పెరిగింది.

అయితే చెక్‌సమ్ అన్నీ పట్టుకోలేదని కూడా గుర్తుంచుకోండి. డిస్కు ఒక పేజీని ‘రాశాను’ అని చెప్పి అసలు రాయకపోతే, అక్కడ నిన్నటి పేజీ నిన్నటి సరైన చెక్‌సమ్‌తోనే ఉంటుంది. ఆ తప్పును పట్టడానికి వేరే ఏర్పాట్లు కావాలి.

రాయడం ఆపడం, చదవడం ఆపడం

2020లో వచ్చిన మారియాడీబీ 10.5 ఫుల్ సీఆర్‌సీ32ను డిఫాల్ట్ చేసింది. 2021లో వచ్చిన 10.6 మరో అడుగు వేసి, పద్ధతిని ఎంచుకునే అమరిక నుంచి ‘ఇన్నోడీబీ’, ‘నన్’ విలువలను, వాటి స్ట్రిక్ట్ రూపాలను తీసేసింది. సీఆర్‌సీ32 తెలియని చివరి వెర్షన్లు రెండు డేటాబేస్‌లలోనూ 5.5లే. వాటికి మద్దతు అప్పటికే ముగిసింది. కాబట్టి వెనక్కి వెళ్లడానికి పాత తాళంచెవి దాచుకోవాలన్న వాదనకు కాలం చెల్లింది.

ఈ ఉపసంహరణలోని ఒక సూక్ష్మాన్ని విద్యార్థులు తరచూ తప్పుగా అర్థం చేసుకుంటారు. తొలగించింది పాత రూపంలో రాసే వీలును మాత్రమే. డిఫాల్ట్ అమరికలో పాత ఫైళ్లను చదవడం కొనసాగుతుంది. రెండింటినీ ఒకేసారి ఆపి ఉంటే ఎందరి సమాచారమో ఒక్క రాత్రిలో ‘చెడిపోయిన’ జాబితాలో చేరేది. ముందు కొత్తగా పుట్టడం ఆపాలి, పాతవి తరిగేదాకా ఆగాలి, అప్పుడు మాత్రమే చదివే ద్వారం మూయాలి.

ఇతర డేటాబేస్‌లు ఇదే చిక్కును వేరే దారుల్లో ఎదుర్కొన్నాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005లో పేజీ చెక్‌సమ్ తెచ్చింది. అంతకుముందు 512 బైట్ల ప్రతి సెక్టారు నుంచి రెండు బిట్లు మాత్రమే చూసి చిరిగిన పేజీని పట్టే పద్ధతి ఉండేది. అక్కడ కూడా చెక్‌సమ్‌ను ఎంచుకున్నంత మాత్రాన పాత పేజీలకు అది రాదు, పేజీ మళ్లీ రాయబడినప్పుడే వస్తుంది. పోస్ట్‌గ్రెస్ 9.3 (2013) మాత్రం మొత్తం క్లస్టరుకు ఉండాలి లేదా అసలు ఉండకూడదు అనే నియమం పెట్టుకుంది. దానివల్ల కలగాపులగం తప్పింది. కానీ అది డిఫాల్ట్ కావడానికి 2025లో వచ్చిన 18వ వెర్షన్ దాకా ఆగవలసి వచ్చింది.

మళ్లీ ఇన్నోడీబీకి వద్దాం. మీరు పనిచేసే చోట ఒక పాత టేబుల్ ఉందనుకోండి. సాఫ్ట్‌వేర్‌ను 10.6కు మార్చారు, డిఫాల్ట్ ఫుల్ సీఆర్‌సీ32. ఆ టేబుల్ ఫైలు కూడా మారిపోయిందా? మారలేదు. కొత్త రూపం కొత్తగా సృష్టించే ఫైళ్లకే వర్తిస్తుంది. పాత ఫైలులోని ఒక పేజీని సవరిస్తే ఆ ఒక్క పేజీకి సీఆర్‌సీ32 చెక్‌సమ్ పడుతుంది. సవరించని పేజీ తన పాత చెక్‌సమ్‌తోనే ఉంటుంది. ఎన్నేళ్లయినా చదవడమే తప్ప రాయడం లేని టేబుల్ అయితే, అందులోని పేజీలు అది పుట్టిన నాటి సూత్రాన్నే మోస్తూ ఉంటాయి. ఫైలు మొత్తాన్ని కొత్త రూపంలోకి తేవాలంటే టేబుల్‌ను పునర్నిర్మించాలి. ‘ఆల్టర్ టేబుల్’ ఆదేశానికి ‘ఫోర్స్’ జోడిస్తే ఆ పని జరుగుతుంది. ‘ఐబీడేటా1’ అనే సిస్టమ్ టేబుల్‌స్పేస్‌కు మాత్రం ఈ ఉపాయం చెల్లదు. దాన్ని మార్చాలంటే సమాచారమంతా బయటికి తీసి, కొత్త డైరెక్టరీలో డేటాబేస్‌ను మొదటి నుంచి సృష్టించి, తిరిగి లోపలికి ఎక్కించాలి. పెద్ద డేటాబేస్‌కు ఇది గంటల కొద్దీ సేవ ఆగే పని. అందుకే చాలాచోట్ల దాన్ని వచ్చే సెలవులకు వాయిదా వేస్తారు, ఆ సెలవుల్లో మళ్లీ వాయిదా వేస్తారు.